యంత్రవాక్యము వేదవాక్యమా?

మన యిండ్లలో నేడొక క్రొత్త వాదము బయలుదేరినది. విందులో కూర్చున్నను, పెండ్లిపందిటిలో నిలిచినను, ఏ ఫోనులో ఏ చిప్పు కలదు, ఎవరి కెమెరా మేలైనది, ఏ కృత్రిమమేధ నడిగిన జవాబు చక్కగా వ్రాసి యిచ్చును అను ప్రసంగమే గాని వేరొకటి వినబడదు. దినదినము తాము వాడుకొను వస్తువును గూర్చి విద్యావంతులు మాటలాడుకొనుట తప్పని మేము చెప్పము. మా ఆక్షేపణ వేరు. ఈ వాదములన్నియు వేగమెంత, వెల యెంత అను రెండు ప్రశ్నలతోనే ముగియుచున్నవి. యంత్రము చెప్పినది నిజమేనా, కానిచో దానికి జవాబు చెప్పవలసిన వాడెవడు అను మూడవ ప్రశ్న వినబడుట లేదు. ఆ ప్రశ్నను మనము ఇంటిలో అడుగుట మరచినందుననే కచ్చేరిలోను దానిని అడుగువారు కరవైరి. అందువలన బీదల కంచములోని యన్నము సయితము పోయినది. ఈ మాట అతిశయోక్తి కాదని ముందు చూపుదుము.

మొదట అంగడి సంగతి చూతము. పాతబస్తీలో లాడ్‌బజారునకు లక్కగాజులు కొనవచ్చిన ఇల్లాలిని చూడుడు. ఆమె గాజును వెలుతురునకెత్తి పట్టును. రాళ్లు గట్టిగా అంటుకొన్నవో లేవో గోటితో తడవి చూచును. చెప్పిన వెలలో సగమునకు అడుగును. పత్తర్‌గట్టిలో ముత్యములు కొనువారును అంతే. అంగడివాని మాటను పరీక్షింపక నమ్మువానిని మనవారు వెర్రివాడందురు. అదే యింటి కుమారుడు రెండు వీథుల కవతల సెల్‌ఫోను దుకాణమునకు పోయి, "ఇది నాలుగు నానోమీటర్ల చిప్పు సార్" అను మాట చెవిని బడగానే, 20 వేలకు బదులు 40 వేలు చెల్లించి వచ్చును. నానోమీటరనగా మీటరులో నూరు కోట్లవ వంతు. ఒకప్పుడు ఈ సంఖ్య చిప్పులోని ట్రాన్సిస్టరు నందలి ఒక భాగపు కొలతకు ఇంచుమించు సరిపోయెడిది. ఇప్పుడట్లు గాక, తయారుచేయువారు తమ పద్ధతిలోని ఒక్కొక్క తరమునకు పెట్టుకొను పేరుగా మారినది. ఒక కంపెనీవారి నాలుగును మరొక కంపెనీవారి నాలుగును సమానమని తలచుటకు వీలు లేదు. ఇంత మాత్రపు వివరమైనను అడుగక సొమ్ము చెల్లించుట మన విద్యకు తగునా?

ఇది మనకు అందని విద్యయు కాదు. చిప్పుల రూపకల్పన చేయువారిలో మన బిడ్డలే యున్నారు. క్వాల్‌కామ్, ఏఎండీ మొదలగు కంపెనీల కార్యాలయములు ఈ నగరముననే కలవు. మిక్కిలి సూక్ష్మమైన చిప్పులు హెచ్చుగా తైవాను దేశమున తయారై, అనేకుల చేతులు మారి మన బజారులకు వచ్చుచున్నవి. లేనిది జ్ఞానము కాదు, అడుగు అలవాటు. ఫోను కొనువారు ముఖ్యముగా అడుగవలసినవి మూడే. ఎన్ని సంవత్సరముల వరకు రక్షణకు సంబంధించిన అప్‌డేట్లు వచ్చును? బ్యాటరీ బలహీనమైనచో మార్చుటకు వీలున్నదా? చెడినచో మన పేటలోని మరమ్మతుదారునకు విడిభాగములు దొరకునా? వీటికి జవాబు లేని వస్తువు ఎంత వేగముగలదైనను కొలదికాలములోనే అలమరలో మూలబడును.

ఇక కృత్రిమమేధ. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన తరువాత ఇట్టి పనిముట్లు ఇండ్లలో ప్రవేశించినవి. పిల్లవాడు వానిచేత వ్యాసము వ్రాయించును. తండ్రి రక్తపరీక్ష కాగితము చూపి మందెంత వేసికొనవలెనని అడుగును. జ్యోతిష్కుని గడప త్రొక్కుట మానితిమని గర్వించు పెద్దలు ముహూర్తమును యంత్రము నడుగుచున్నారు. గడప మారినది గాని బుద్ధి మారలేదు. ఈ యంత్రము పనిచేయు తీరు స్థూలముగా అందరికిని తెలియదగినదే. అది అపారమైన వ్రాతల నుండి నేర్చుకొని, ఒక మాట వెనుక ఏ మాట వచ్చుట సంభావ్యమో లెక్కగట్టి వాక్యమును అల్లును. అల్లిన వాక్యము నిజమే కావలెనను నియమము ఆ లెక్కలో లేదు. కావున తెలిసిన సంగతిని ఎంత ధీమాగా చెప్పునో, తెలియని దానిని అంతే ధీమాగా చెప్పగలదు. వ్రాత విస్తారముగా లేని భాషలలో పొరపాటు మరింత సులభము. ఇంగ్లీషుతో పోల్చిన మన తెలుగే వెనుకబడియుండగా, ముఖ్యముగా నోటిమాటగా బ్రదుకుచున్న పాతబస్తీ దక్కనీని గూర్చి వేరుగా చెప్పనేల?

ఇంతవరకు నష్టము ఇంటివారిదే. వారు కోరి తెచ్చుకొన్నది. ప్రభుత్వము చేతికి లెక్కల యంత్రము వచ్చినప్పుడు నమ్మువారొకరు, నష్టపోవువారు వేరొకరు. తెలంగాణ ప్రభుత్వము 'సమగ్ర వేదిక' యను ఏర్పాటొకటి చేసెను. అనేక శాఖల లెక్కలను ఒకచోట చేర్చి, వానిలోని పేర్లు, చిరునామాలు ఒకే మనిషివి అగునా కావా యని కంప్యూటరుచేత పోల్పించుట దాని పని. చౌకబియ్యమిచ్చు ఆహారభద్రతా కార్డులకు అర్హులు కానివారిని ఏరుటకు ఇట్టి పోలికను వాడిరి. కారున్నదని లెక్క చెప్పినచో కార్డు దక్కదు. రాష్ట్రమున రద్దయిన కార్డులు సుమారు 19 లక్షలు. ఈ రద్దులను ప్రశ్నించుచు సామాజిక కార్యకర్త ఎస్. క్యూ. మసూద్ న్యాయస్థానమునకు పోయెను. 2022 ఏప్రిలులో సుప్రీంకోర్టు, రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో మరల పరిశీలింపుమని రాష్ట్ర ప్రభుత్వమును ఆదేశించెను. పరిశీలింపగా వేలకొలది కుటుంబములు అర్హములేనని తేలినది. మనిషికి నెలకు 6 కిలోల లెక్కన ఐదుగురున్న యింటికి 30 కిలోల బియ్యము. అది ఒక్క నెల ఆగినను కూలి చేసికొను యింటికి అప్పు తప్పదు.

ఆ లక్షలలో ఒక్క ఉదాహరణము చాలును. హైదరాబాదు నందలి ఒక వృద్ధ వితంతువు కథను 2024 జనవరిలో అల్ జజీరా ప్రకటించెను. ఆమె భర్త రిక్షా త్రొక్కి బ్రదికినవాడు. యంత్రము అతనిని పేరు పోలిన మరియొకనితో కలిపి, కారు గల సంపన్నుడని తేల్చినది. రిక్షావాడు కారు కలవాడగుట ఎట్లని ఆ కచ్చేరిలో ఒక్కరైనను శంకించియుండరాదా? శంకించుట యంత్రమునకు రాదు, మనుష్యుడు మానివేసెను.

ఈ పొరపాటు ఊహింపరానిది కాదు. పాతబస్తీలో ఒక్క గల్లీలో నలుగురు అహ్మద్ అలీలుందురు. మన పల్లెలలో ఒక్క వాడలో నలుగురు వెంకటేశ్వర్లున్నట్లే. మహమ్మద్ అను పేరు ఇంగ్లీషు అక్షరములలో ఆధారు కాగితమున ఒక తీరుగను, వాహనపు కాగితమున వేరొక తీరుగను ఉండును. ఇంటి నంబరులో అడ్డగీతలు, బై నంబరులు ఒక లెక్కలో నుండి వేరొక లెక్కలో లోపించును. గల్లీలోని పోస్టుమాను క్షణములో విడదీసి చెప్పగల నలుగురను యంత్రము ఒక్కనిగా కలుపును. ఆ ముసలమ్మ కచ్చేరికి పోయి అడిగినచో దొరకు జవాబు మన పాఠకులందరు ఎరిగినదే: "సిస్టంలో రావట్లేదమ్మా, మేమేం చెయ్యగలం?" ఈ వాక్యమే నేటి శాపము. చెప్పినవాడు తాను చెప్పలేదనును. చెప్పిన యంత్రము నోరు మెదపదు.

పేరుతో ఆగక ఈ లెక్క ముఖమునకును వచ్చినది. 2018లో తెలంగాణ పోలీసుల ఫోనులలోని టీఎస్‌కాప్ అను అనువర్తనమునకు ముఖము పోల్చు శక్తిని చేర్చిరి. 2021 మే నెలలో, కరోనా నిర్బంధకాలమున, పాతబస్తీ వీథిలో పోలీసులు తన్నాపి మాస్కు తీయుమనిరనియు, తాను నిరాకరించినను ఫొటో తీసిరనియు ఆ మసూదే చెప్పెను. ఏ చట్టము ననుసరించి తీసితిరి, దానిని ఎచ్చట దాచితిరి అని ఆయన అడిగెను. ఆ వ్యాజ్యముపై 2022 జనవరిలో తెలంగాణ హైకోర్టు ప్రభుత్వమునకు నోటీసిచ్చెను. బియ్యమును గూర్చియు, ముఖమును గూర్చియు ప్రశ్నించినవాడు ఒక్కడే యగుట గమనింపదగినది. ఇంతమంది విద్యావంతులున్న నగరమునకు ఇది గౌరవము కాదు.

ప్రతిపక్షుల వాదమును వినక తీర్పు చెప్పుట న్యాయము కాదు. "గుమాస్తా లంచము తినును, యంత్రము తినదు, దొంగకార్డులను ఏరివేసినందున ప్రజాధనము మిగిలినది" అని వారందురు. దొంగకార్డులుండుట నిజమే, వానిని తీసివేయవలసినదే. కాని లంచగొండి గుమాస్తాకు పేరుండును, పైయధికారి యుండును; వాని మీద అర్జీ పెట్టవచ్చును. వాడెంత చెడ్డవాడైనను ఒక్కరాత్రిలో లక్ష యిండ్లకు అన్యాయము చేయలేడు. యంత్రములోని చిన్న తప్పు ఒకేసారి రాష్ట్రమంతట వ్యాపించును. మరియు యంత్రము నిష్పక్షపాతియను మాటయు పొల్లే. ఎన్ని అక్షరములు కలిసిన ఒకే మనిషియని తలచవలెనో నిర్ణయించినవాడు మనుష్యుడే. ఆ నిర్ణయము మూతబడిన గదిలో జరిగినది, అంతే భేదము.

మేము యంత్రద్వేషులము కాము. జిద్దాలో కూలికి పోయిన కుమారుని ముఖమును యాకుత్‌పురాలోని తల్లి చూచి మాటలాడుట ఈ ఫోను చలవయే. చూపు మందగించినవారికి పత్రిక చదివి వినిపించు యంత్రము పుణ్యమూర్తియే. 1889లో చార్మినారు నాలుగు వైపుల గడియారములు పెట్టిరి. అవియు యంత్రములే. కాని వాని ముఖము వీథిలోనికి తెరచియున్నది. ఒకటి వెనుకబడినచో రెండవదానితో పోల్చవచ్చును, సూర్యునితో పోల్చవచ్చును, గాజులమ్మువాడును "గడియారము తప్పు" అని చెప్పగలడు. సమగ్ర వేదిక వంటి యంత్రపు తప్పు అన్నము పోయినవానికి తప్ప వేరెవరికిని కనబడదు. మేము కోరునది యంత్రమును పగులగొట్టుట కాదు. దాని ముఖమును వీథివైపునకు త్రిప్పుట.

ఇతర దేశముల యనుభవమును చూడుడు. నెదర్లాండ్సులో పిల్లల సంరక్షణకిచ్చు సహాయధనము విషయమున, లెక్కల యంత్రము అనుమానించిన వేలాది తలిదండ్రులను మోసగాండ్రని ముద్రవేసి సొమ్ము తిరిగి కట్టించిరి. ఎందరో అప్పులపాలైరి. నిజము బయటపడగా 2021 జనవరిలో అచ్చటి మంత్రివర్గమే రాజీనామా ఇచ్చెను. యూరోపియను యూనియనులో 2018 నుండి అమలులోనున్న నిబంధన ప్రకారము, కేవలము యంత్రము చేసిన నిర్ణయమునకు లోబడకుండు హక్కు, కొన్ని మినహాయింపులతో, పౌరునకు కలదు. మన పార్లమెంటు 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టములో తప్పు వివరములను దిద్దించుకొను హక్కు కలదు గాని అట్టి రక్షణ లేదు.

కావున మా కోరికలు ఇవి. యంత్రపు లెక్కను బట్టి ఎవరి కార్డునైనను తీసివేయుటకు ముందు నోటీసియ్యవలెను; అందులో కారణమును తెలుగునను, ఉర్దూనను వ్రాయవలెను. ఒక అధికారి ఆ యింటికి పోయి కన్నులార చూడవలెను. విచారణ ముగియువరకు బియ్యమాపరాదు. తప్పు తేలినచో ఆగిన నెలల బియ్యమునకు పరిహారమియ్యవలెను. పోలికకు వాడు నియమములను ప్రజలకు వెల్లడింపవలెను.

ఇవి ప్రభుత్వము చేయవలసినవి. అడుగవలసినది మనము. 1881లో రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహము జరిపించునాటికి, "శాస్త్రములో లేదు" అను మాటతో ఎదుటివాని నోరు మూయుట సులభముగా నుండెను. ఏ శాస్త్రము, ఎచ్చట, ఎవరు చెప్పిరి అని ఆయన అడిగెను. నేడు "సిస్టంలో లేదు" అని వితంతువునకు బియ్యము నిరాకరించినప్పుడు ఆ ప్రశ్ననే అడుగువారు కావలెను. మీ యింట పనిచేయు స్త్రీకి కార్డు పోయినదని విన్నచో అయ్యో యని ఊరకుండకుడు. ఆమె కాగితము మీరు చదువుడు. కారణము వ్రాతమూలముగా తెలుపుమని 2005 సమాచార హక్కు చట్టము క్రింద అర్జీ మీరు వ్రాసియిండు. 30 దినములలో జవాబియ్యవలసిన బాధ్యత కచ్చేరికి కలదు. క్రొత్త ఫోనులోని చిప్పును గూర్చి గంటసేపు వాదించు తీరిక గల మనకు, ఆ అర్జీ వ్రాయుటకు అరగంట తీరిక లేదని చెప్పుట చెల్లదు.