టైలర్ కంటపడ్డ వంపు

మా మేనకోడలి వెన్నులో తేడా ఉందని మొట్టమొదట కనిపెట్టింది గుంటూరులో మా అక్కకి జాకెట్లు కుట్టే టైలరు. ఓణీల ఫంక్షనుకి కొలతలు తీసుకుంటూ "పాపకి ఒక భుజం దిగి ఉందమ్మా" అన్నాడట. అక్క ఏం చేసిందీ? ఆ వైపు కాస్త మెత్త పెట్టి కుట్టమంది. అప్పటికి పిల్లకి పన్నెండేళ్లు.

అక్కనొక్కదాన్నే అనడానికి నాకు నోరు లేదు. న్యూజెర్సీలో కూర్చుని ఆ ఫొటోలు చూసి, "కాస్త నిటారుగా నిలబడవే" అని ఫోన్లో వేళాకోళమాడింది నేనే. పాపం, అది నిటారుగానే నిలబడింది.

మూడేళ్ల తర్వాత, పోయిన వేసవిలో ఎక్స్‌రే తీస్తే వంపు 54 డిగ్రీలు. దీన్ని స్కోలియోసిస్ అంటారు. వెన్ను పక్కకి వంగి, మెలి తిరుగుతుంది. చాలామంది పిల్లల్లో కారణం తెలీదు. పుస్తకాల సంచీ బరువుకి వచ్చేది మాత్రం కాదు. ఎదిగే వయసులో 25 నుంచి 40 డిగ్రీల దాకా ఉంటే బ్రేస్ తొడుగుతారు. 50 దాటితే ఎదుగుదల ఆగాక కూడా వంపు పెరగొచ్చు కనక ఆపరేషన్ మాట వస్తుంది. పూసల్లోకి స్క్రూలు బిగించి, రెండు లోహపు కడ్డీలతో సరిచేసి, ఆ పూసలన్నీ ఒకటిగా అతుక్కునేలా చేస్తారు. అతుక్కున్న మేర ఇక వంగదు.

1950లలో హ్యూస్టన్‌లో పాల్ హారింగ్టన్ పోలియో పిల్లలకి కడ్డీలు వేసిన రోజులతో పోలిస్తే ఈ వైద్యం చాలా ముందుకొచ్చింది. మా పిల్లకీ బాగానే జరిగింది. నన్ను తొలిచేది ఆ పోయిన మూడేళ్లు.

2013లో అమెరికా, కెనడాల్లో జరిగిన ఒక అధ్యయనం ఫలితాలు వచ్చాయి. బ్రేస్ వేసుకున్నవాళ్లలో 72 శాతం మందికి, వేసుకోనివాళ్లలో 48 శాతం మందికి వంపు 50 డిగ్రీలకి చేరకుండా ఆగింది. అంటే బ్రేస్ వేసినా మా పిల్లకి ఆపరేషన్ తప్పేదని ఒట్టేసి చెప్పలేను. కానీ ఆ అవకాశం దానికి ఇవ్వలేదు కదా!

ఇక్కడ న్యూజెర్సీ బడుల్లో 10 నుంచి 18 ఏళ్ల పిల్లలకి రెండేళ్లకోసారి వెన్ను చూడాలని చట్టం ఉంది. అలా అందరినీ చూడటం మేలో కాదో తేల్చడానికి ఆధారాలు చాలవని 2018లో అమెరికా నిపుణుల బృందమే అంది. సరే, ఆ వాదన వాళ్లకి వదిలేద్దాం. కంటపడ్డదాన్ని దాచమని మాత్రం ఏ నిపుణుడూ చెప్పలేదు.

"ఎందుకు దాచావక్కా?" అని అడిగితే, "గూని పిల్లని పేరొస్తే రేపు దానికి సంబంధాలెలా వస్తాయిరా?" అంది. పన్నెండేళ్ల పిల్లకి పెళ్లి బెంగ! వీపు పొడుగునా ఉన్న కుట్ల గీతని ఇప్పుడేం పెట్టి దాస్తాం?

మీ ఇంట్లో పదేళ్లు దాటిన పిల్లలుంటే, మోకాళ్లు వంచకుండా, చేతులు కిందికి వేలాడేసి ఒకసారి ముందుకి వంగమనండి. వెనకనుంచి చూడండి. వీపు ఒకవైపు ఉబ్బెత్తుగా ఉంటే వెళ్లాల్సింది డాక్టరు దగ్గరికి, టైలరు దగ్గరికి కాదు.