తాగునీటి నాణ్యత: కొలతతో పాటు ఖర్చులోనూ భాగస్వామ్యం

కర్నూలు, కడప జిల్లాల మెట్ట గ్రామాలలో సాగునీటి బోరు, తాగునీటి బోరు వేరు కావచ్చును. వాటికి నీరందించే రాతి పొరలు మాత్రం చాలాచోట్ల ఒక్కటే. పైరు తీసుకోని నత్రజని నైట్రేటు రూపంలో వాననీటితో కిందికి దిగి తాగునీటిలో కలుస్తుంది. పేడకుప్పలు, మరుగుదొడ్ల గుంతలు కూడా ఇందుకు కారణాలే. తాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదని భారత ప్రమాణాల సంస్థ నిర్దేశించింది. మించిన నీటితో కలిపిన పాలు తాగే పసికందుల రక్తానికి ప్రాణవాయువును మోసే శక్తి తగ్గే ప్రమాదముంది. కాచినందువల్ల నైట్రేటు పోదు. నీరు ఆవిరై గాఢత పెరుగుతుంది. కనుక దీనిని పుట్టినచోటనే అరికట్టాలి.

ఇందుకు పునాది ఈ జిల్లాలలోనే ఉంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సహకారంతో, స్వచ్ఛంద సంస్థల ద్వారా, కర్నూలు, కడపలతో సహా ఉమ్మడి రాష్ట్రంలోని 7 కరువు జిల్లాలలో రైతుల ఆధ్వర్యంలో భూగర్భజల యాజమాన్య ప్రాజెక్టు నడిచింది. రైతులే వర్షపాతాన్ని, బావుల నీటిమట్టాన్ని కొలిచి, రబీకి ముందు ఊరంతా కూర్చుని పంటల నీటి బడ్జెట్టు వేసుకున్నారు. రాయితీలు ఇవ్వలేదు, లెక్క చూసి ఎవరి పంటను వారే నిర్ణయించుకున్నారు.

అదే పుస్తకంలో నైట్రేటుకు మరొక గడి చేర్చితే సరిపోదా? సరిపోదని నా అభిప్రాయం. నీటిమట్టం చూసి వరి మాని ఆరుతడి పంట వేసిన రైతుకు ఆ పంట దక్కుతుంది. యూరియా తగ్గించిన రైతుకు దిగుబడి భయం మిగులుతుంది. మేలు ఊరి తాగునీటికి చేరుతుంది. ఫలం ఊరిది, భయం ఒక్కడిది అయినపుడు సమాచారం ఒక్కటే రైతును కదిలించదు. న్యూయార్క్ నగరం 1990లలో ఈ సంగతి గ్రహించి, తన జలాశయాల ఎగువనున్న పొలాలలో కాలుష్య నివారణ పనుల ఖర్చును తానే భరించింది.

మన గ్రామంలో తాగునీటి బోరు చుట్టూ పొలాలున్న రైతులు, పంచాయతీ, కృషి విజ్ఞాన కేంద్రం కలిసి ఒప్పందానికి రావాలి. భూసార పరీక్ష ప్రకారం నత్రజనిని దఫాలుగా వేయడం రైతుల వంతు. వానలకు ముందు, తరువాత బోరు నీటిని పరీక్షించి ఫలితాన్ని అందరికీ కనబడేలా రాయడం, పేడకుప్పలను బోరుకు దూరం చేయించడం పంచాయతీ వంతు. బనవాసి, ఊటుకూరు కేంద్రాల శాస్త్రవేత్తలు ఆ పొలాలలోనే ప్రదర్శనలు వేయాలి. దిగుబడి తగ్గితే ఆ లోటును తాగునీటి నిధుల నుండి భర్తీ చేయాలి. నేలలో దిగిన నైట్రేటు ఒక్క ఏడాదిలో తగ్గదు గనుక ఒప్పందం కొన్నేళ్ళ పాటు సాగాలి.

ఫ్లోరైడు సంగతి వేరు. అది ప్రధానంగా శిలల నుండి వచ్చేది; ఎరువు తగ్గించినా పోదు. రెండింటినీ కలిపి చెబితే రైతుపై లేని నింద మోపినట్లవుతుంది.

విస్తరణ నివేదికలలో శిక్షణల సంఖ్య ఎప్పుడూ ఉంటుంది. దాని పక్కన ఆ ఊరి బోరు నీటిలోని నైట్రేటు అంకె కూడా ఉండాలి.