చేసి చూడండి: ఆట కారుకు స్టీరింగు స్టాండు

బాలలూ, ఈ నెల మనం చెయ్యబోయే వస్తువు కొంచెం పెద్దది. దీనికి అగ్గిపెట్టెలూ, జిగురూ చాలవు. రంపమూ, బరమా కావాలి. పక్కన ఒక పెద్దవారు కూడా ఉండాలి. ఉంటే ఒక ఆదివారం పొద్దున మొదలుపెట్టి సాయంత్రానికి ముగించవచ్చు.

ముందు దీని కథ వినండి.

రావులపాలెం దగ్గర మా ఊళ్ళో, మా పక్క వీధిలో ఏడో తరగతి కుర్రవాడు ఒకడున్నాడు. హైదరాబాదులో ఉండే వాడి మేనమామ తాను వాడి పక్కన పెట్టిన స్టీరింగు ఒకటి వాడికిచ్చాడు. వీడియో గేముల్లో కారు నడపటానికి వాడే స్టీరింగు అది. గుండ్రటి చక్రమూ, కింద కాళ్ళతో తొక్కే పెడళ్ళూ ఉన్నాయి. ఇటువంటి ఆట కొత్తదేమీ కాదు. 1974 లోనే అమెరికాలో అటారీ కంపెనీవారు ‘గ్రాన్ ట్రాక్ 10’ అనే ఆటపెట్టెను తయారుచేశారు. దానికి స్టీరింగూ, పెడళ్ళూ, గేరుకర్రా అన్నీ ఉండేవి. ఆ పెట్టె నిలువెత్తు బరువైనది కనక కదిలేది కాదు. ఇళ్ళలో వాడే స్టీరింగుకు మటుకు ఏదో ఒక బల్ల కావాలి.

మన కుర్రవాడికి కనిపించిన బల్ల ఏదనుకున్నారు? వాళ్ళమ్మ కుట్టుమిషను బల్ల! ఆమె ఆ మిషనుమీద ఊరివాళ్ళకు జాకెట్లూ, గౌన్లూ కుట్టిపెడుతుంది. వాడు స్టీరింగును దాని అంచుకు బిగించి ఆట మొదలుపెట్టాడు. మూడో మలుపులో గట్టిగా తిప్పేసరికి బల్ల అంచు బెత్తెడు మేర పెచ్చు లేచిపోయింది. స్టీరింగు వాడి ఒళ్ళో పడ్డది.

అమ్మ ఏమీ అనలేదు. పెచ్చు లేచినచోట వేలితో తడిమి చూసి ఊరుకుంది. ఆ రోజు కుట్టవలసిన పట్టుజాకెట్టు ఆ అంచుకు తగిలి దారాలు లాగుతుందని పక్కన పెట్టేసింది. నాన్నమటుకు, “పండగలోపల దీనికి వేరే ఏర్పాటు చేసుకుంటే సరే. లేకపోతే మావయ్యకు తిరిగి పంపించేస్తాను. కొత్త స్టాండు కొనటానికి నా దగ్గర డబ్బు లేదు,” అన్నాడు.

కుర్రవాడు వడ్రంగి బాబాయి దగ్గరికి పోయి మిగిలిపోయిన రీపరు ముక్కలు అడిగి తెచ్చుకున్నాడు. నాలుగు ముక్కలు పెట్టి, మేకులు కొట్టి, పైన ఒక పలక వేశాడు. చూడటానికి అందంగానే ఉన్నది. కాని చక్రం కుడికి తిప్పితే స్టాండు కుడికి వాలింది. ఎడమకు తిప్పితే ఎడమకు వాలింది. వాడు ఇంకా నాలుగేసి మేకులు కొట్టాడు. అయినా లాభం లేకపోయింది.

వాళ్ళ తాతయ్య అరుగుమీద కూర్చుని ఇదంతా చూస్తున్నాడు. ఆయన అంబాజీపేట నుంచి కొబ్బరికాయల లోడుతో చాలా ఏళ్ళు లారీ నడిపినవాడు. మోకాళ్ళ నొప్పులు పట్టుకున్న తరవాత మానేశాడు.

“ఒరేయ్, మేకులు ఎన్ని కొట్టినా అది ఊగుతుంది. రేపు రాజమండ్రి ఆసుపత్రికి నాతో రా. దారిలో నీకొకటి చూపిస్తాను,” అన్నాడు తాతయ్య.

తాతయ్య చూపించినదేమిటో తెలుసా? గోదావరిమీది రోడ్డు రైలు వంతెన! పైన రోడ్డు బండ్లూ, కింద రైళ్ళూ పోయే ఆ వంతెన కూడా 1974 లోనే వచ్చింది. “ఆ ఇనుపకడ్డీలు చూడు. అవి ఏ ఆకారంలో ఉన్నాయి?” అని అడిగాడు. కుర్రవాడు కాసేపు చూసి, “తాతయ్యా, అన్నీ ముక్కోణాలే!” అన్నాడు.

“మరి నీ స్టాండులో ఎన్ని ఉన్నాయి?”

కుర్రవాడు నాలిక కరుచుకున్నాడు. ఒక్కటి కూడా లేదు!

ముక్కోణం ఎందుకు ఊగదు?

ఇది మీరు ఇప్పుడే తెలుసుకోవచ్చు. మందపాటి అట్టతో ఒకే పొడవుగల నాలుగు పట్టీలు కత్తిరించండి. వాటి కొసలను గుండుసూదులతో కలిపి నలుచదరం చెయ్యండి. ఒక మూల పట్టుకుని నొక్కితే అది వాలిపోయి అణిగిపోతుంది. పట్టీలు విరగలేదు, సాగలేదు. కోణాలు మటుకు మారినాయి. ఇప్పుడు మూడు పట్టీలతో ముక్కోణం చేసి నొక్కండి. అది కదలదు. మూడు భుజాల పొడవులూ మారనంతవరకు ముక్కోణంలో కోణాలు కూడా మారటానికి వీలులేదు. నలుచదరంలో ఒక మూలనుంచి ఎదుటి మూలకు ఇంకొక పట్టీ వేస్తే అది రెండు ముక్కోణాలవుతుంది, అప్పుడు అదీ గట్టిపడుతుంది. పెళ్ళిపందిరి వేసేవాళ్ళు సరుగుడు రాటలకు ఏటవాలుగా ఇంకో కర్ర కట్టడం మీరు చూసే ఉంటారు. ఆ కర్ర పని ఇదే.

కావలసినవి

5 సెం.మీ. చదరపు రీపరు 6 మీటర్లు. దీనిని ఇట్లా కోసుకోవాలి: 90 సెం.మీ. ముక్కలు రెండు (నేల కర్రలు), 75 సెం.మీ. ముక్కలు రెండు (అడ్డకర్రలు), 65 సెం.మీ. ముక్కలు రెండు, 60 సెం.మీ. ముక్కలు రెండు (నిలువు కర్రలు), 10 సెం.మీ. దిమ్మలు రెండు. కూడి చూడండి, సరిగా 600 సెం.మీ. వస్తుంది. రంపపుకోతలో కొంత పోతుంది కనక జానెడు ఎక్కువే తెచ్చుకోండి.

5 సెం.మీ. వెడల్పూ, రెండున్నర సెం.మీ. మందమూ గల పట్టీ ముక్కలు రెండు, ఒక్కొక్కటి 56 సెం.మీ. ఇవి ఏటవాలు కర్రలు.

65 సెం.మీ. పొడవూ, 20 సెం.మీ. వెడల్పూ గల పలక ఒకటి. దాని మందం మీ స్టీరింగు బిగింపులో పట్టేటట్లు ఉండాలి. ముందే కొలిచి చూసుకోండి. ప్లయివుడ్ ముక్కోణాలు నాలుగు, ‘ఎల్’ ఆకారపు ఇనుపపట్టీలు రెండు, స్క్రూలు. 10, 12, 15 సెం.మీ. పొడవుగల బోల్టులు రెండేసి, వాటికి నట్లూ, వాషర్లూ. పాత సైకిలు ట్యూబు, కొబ్బరితాడు, గరుకు కాగితం.

పాత తలుపులూ, విరిగిన మంచాలూ ఉంటే కర్రకు డబ్బు పెట్టనక్కరలేదు. కాని పుచ్చిన కర్ర వద్దు. గోరుతో నొక్కితే దిగబడే కర్రను పొయ్యికే ఇవ్వండి.

చేసే విధానం

1. కర్రలన్నీ కోసి, అంచులు గరుకు కాగితంతో రుద్దండి. ఈ పని చెయ్యకపోతే మీ కాలికే పేడు గుచ్చుకుంటుంది.

2. నేల కర్ర ఒకటి తీసుకోండి. ముందు కొసనుంచి 40 సెం.మీ. దూరంలో చిల్లి వెయ్యండి. ఆ చోట నిలువు కర్రను లోపలివైపున, అడుగు నేలకు ఆనేటట్లు నిలబెట్టి, 12 సెం.మీ. బోల్టు వెయ్యండి. ఒక్క బోల్టే వెయ్యండి. ఇప్పుడది తలుపు బందులాగా ముందుకూ వెనక్కూ తిరుగుతుంది. తిరగనివ్వండి!

3. ఆ బోల్టునుంచి నేల కర్రమీద ముందువైపుకు సరిగా 30 సెం.మీ. కొలిచి గుర్తు పెట్టండి. నిలువు కర్రమీద పైకి 40 సెం.మీ. కొలిచి గుర్తు పెట్టండి. ఏటవాలు పట్టీమీద సరిగా 50 సెం.మీ. ఎడంతో రెండు చిల్లులు వెయ్యండి.

4. నేల కర్రమీది గుర్తు దగ్గర లోపలివైపున దిమ్మను పెట్టండి. అప్పుడు దిమ్మా, నిలువు కర్రా ఒకే మట్టానికి వస్తాయి. వాటిమీద ఏటవాలు పట్టీని ఆనించి, కింద 15 సెం.మీ. బోల్టూ, పైన 10 సెం.మీ. బోల్టూ బిగించండి. ఇందాక తిరిగిన నిలువు కర్ర ఇప్పుడు బిగుసుకుపోతుంది. అంతే గాక, మూలమట్టం పెట్టకుండానే అది నిట్టనిలువుగా నిలబడుతుంది! ఎందుకంటే 30, 40, 50 భుజాలుగా గల ముక్కోణంలో ఒక మూల సమకోణం. మన దేశంలో బోధాయన శుల్బసూత్రాల నాటికే ఈ లెక్క తెలుసు. తాపీమేస్త్రీలు గోడల మూలలు ఇప్పటికీ ఈ కొలతతో చూసుకుంటారు.

5. రెండోపక్క కూడా ఇట్లాగే చెయ్యండి. కాని అద్దంలో బొమ్మలాగా, ఎడమా కుడీ మారి ఉండాలి.

6. రెండు పక్కలనూ నిలబెట్టి, నేల కర్రలమీద ముందు కొసన ఒక అడ్డకర్ర, వెనక కొసన ఒక అడ్డకర్ర వేసి స్క్రూలు బిగించండి. ముందు అడ్డకర్ర కింద 65 సెం.మీ. ముక్క ఒకటి నేలకు ఆనేటట్లు బిగించండి. ఇదే పెడళ్ళకు గోడ.

7. మిగిలిన 65 సెం.మీ. ముక్కను నిలువు కర్రల నెత్తిన పెట్టండి. ఈ పక్క ఏటవాలు కర్ర వెయ్యటానికి వీలులేదు, కాళ్ళకు అడ్డం వస్తుంది. అందుకని రెండు మూలల్లోనూ ముందూ వెనకా ప్లయివుడ్ ముక్కోణాలు బిగించాలి. పెద్ద ముక్కోణానికి చోటు లేనప్పుడు చిన్న ముక్కోణమే దిక్కు!

8. పైన పలక వేసి స్క్రూలు బిగించండి. అది వాలిపోకుండా కిందినుంచి ‘ఎల్’ పట్టీలు వెయ్యండి. నేల కర్రల అడుగున సైకిలు ట్యూబు ముక్కలు అతికించండి, గచ్చుమీద జారదు.

స్టీరింగు పెట్టకముందే రెండు చేతులతో పట్టుకుని గట్టిగా ఊపి చూడండి. ఊగినచోట బిగించండి.

కుర్చీ వెనక్కు ఎందుకు పోతుంది?

మన కుర్రవాడికి ఇంకో చిక్కు వచ్చింది. స్టాండు గట్టిగానే ఉన్నది. కాని బ్రేకు తొక్కినప్పుడల్లా కుర్చీ వెనక్కు జరిగిపోయేది. దీనికి కారణం పడవ ఎక్కినవారికి తెలుసు. రేవులో పడవమీదనుంచి ఒడ్డుకు దూకితే మనం ముందుకు, పడవ వెనక్కు పోతాయి. ఒకవైపు తోస్తే అంతే బలంతో రెండోవైపు తోపుడు ఉంటుంది. ఈ సంగతి న్యూటను 1687 లో అచ్చయిన తన గ్రంథంలో నియమంగా చెప్పాడు. కాలు పెడలును ముందుకు తోస్తే, వీపు కుర్చీని వెనక్కు తోస్తుంది.

దీనికి మందు కొబ్బరితాడు. కుర్చీ ముందుకాళ్ళను వెనక అడ్డకర్రకు రెండు పేటలుగా కట్టి, మధ్యలో చిన్న పుల్ల దూర్చి మెలితిప్పి బిగించండి. ఇప్పుడు పెడలు తోపుడు స్టాండు ముందుగోడమీద, కుర్చీ తోపుడు వెనక అడ్డకర్రమీద పడి, రెండూ స్టాండులోనే తెగిపోతాయి. కిందచక్రాలున్న కుర్చీ మటుకు దీనికి పనికిరాదు.

కాళ్ళు పొట్టివైన చెల్లెలు ఆడాలంటే? పెడళ్ళకూ, ముందుగోడకూ మధ్య రెండు ఇటుకలు పెట్టండి. పెడళ్ళు ఆమె దగ్గరకే వస్తాయి.

తల్లిదండ్రులకు ఒక మాట

రంపమూ, బరమా పిల్లల చేతికి ఒంటరిగా ఇవ్వకండి. కొలవటం, గుర్తు పెట్టటం, రుద్దటం, బోల్టులు బిగించటం వాళ్ళను చెయ్యనివ్వండి. కరెంటు తీగలు నేల కర్రల కింద నలగకుండా చూడండి. ఆటకు ఒక వేళ పెట్టండి.

ఇక కథ ముగింపు. పండగకు నాలుగు రోజుల ముందే స్టాండు తయారయింది. ఆ కుర్రవాడు స్టీరింగు బిగించకముందు ఇంకో పని చేశాడు. మిగిలిన ప్లయివుడ్ ముక్క కోసి, నున్నగా రుద్ది, వాళ్ళమ్మ బల్ల అంచుకు అతికించాడు. ఆమె పట్టుజాకెట్టు ముక్క ఒకటి దానిమీద అటూ ఇటూ లాగి చూసింది. ఒక్క దారం కూడా తగలలేదు.

మొదటి ఆట తాతయ్యదే. ఆయన కుర్చీలో కూర్చుని, చక్రంమీద రెండు చేతులూ వేసి, అద్దం ఎక్కడున్నదోనని పక్కకు చూశాడు. అందరూ నవ్వారు. ఆయన ఒక్క గోడకూ తగలకుండా మెల్లిగా ఒక చుట్టు తిరిగి వచ్చి, ఆఖరివాడుగా మిగిలాడు.

“ఓడిపోయావు తాతయ్యా!” అన్నాడు మనవడు.

“లోడు దిగింది గదరా,” అన్నాడు తాతయ్య. “ఆటలో గుద్దితే మళ్ళీ మొదలుపెట్టవచ్చు. రోడ్డుమీద అట్లా కుదరదు. పద్దెనిమిదేళ్ళు వచ్చి, లైసెన్సు చేతికి వచ్చేవరకు నీ కారు ఇక్కడే నడవాలి.”

ఆలోచించండి: ఏటవాలు కర్రను నిలువు కర్రకు 40 సెం.మీ. ఎత్తున గాక, 10 సెం.మీ. ఎత్తునే బిగిస్తే స్టాండు గట్టిగా ఉంటుందా, ఉండదా? ఎందువల్ల? అట్టపట్టీలతో చేసి చూసి చెప్పండి. జవాబు వచ్చే నెలలో.