కామాల గొలుసు కన్నా టేబులే మేలు

మన రోజువారీ పనిలో తరచూ ఎదురయ్యే చిన్న అవసరం ఒకటుంది. ప్రోగ్రాం నుంచి స్టోర్డ్ ప్రొసీజర్‌కి ఒక్క విలువ కాకుండా జాబితా మొత్తం పంపాలి. ఒక ఇన్‌వాయిస్‌లోని 40 వస్తువులు, వాటి ధరలు, వాటి పన్నులు, ఇలాంటివన్నమాట. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో దీనికి సరైన దారి 2008 వెర్షన్‌తోనే వచ్చింది. దాని పేరు టేబుల్ వాల్యూడ్ పారామీటర్. అంటే టేబుల్‌ని టేబుల్‌గానే ప్రొసీజర్ చేతికివ్వడం. అయినా ఈనాటికీ చాలా చోట్ల విలువలన్నిటినీ కామాలతో గుదిగుచ్చి, ఒక పొడవాటి స్ట్రింగ్‌గా పంపి, అవతల మళ్ళీ ముక్కలు చేసుకోవడమే కనిపిస్తుంది. ఈ అలవాటు ఎక్కడైనా అంత మంచిది కాదు. కెనడాలో అయితే బొత్తిగా పనికిరాదని నా అభిప్రాయం.

మొదటి కారణం ఫ్రెంచి భాష. 1969లో అధికార భాషల చట్టం, 1977లో క్విబెక్‌లో ఫ్రెంచి భాషా చార్టర్ వచ్చాక ఇక్కడ రాసే వ్యాపార సాఫ్ట్‌వేర్‌కి తరచూ రెండు భాషలూ అవసరమయ్యాయి. ఇంగ్లీషులో దశాంశానికి చుక్క పెడితే, ఫ్రెంచిలో కామా పెడతారు! క్విబెక్ అమ్మకం పన్ను 2013 జనవరి 1 నుంచి 9.975 శాతం. ఫ్రెంచిలో రాస్తే అది 9,975. డాట్‌నెట్‌లో కల్చర్ కెనడా ఫ్రెంచికి మారితే, మనం వేరే చెప్పకపోతే, సంఖ్య స్ట్రింగ్‌గా మారేటప్పుడు ఆ కామాతోనే మారుతుంది. ఇప్పుడు 12.50, 7.25 డాలర్ల రెండు ధరల్ని కామాతో కలిపామనుకోండి. ప్రొసీజర్‌కి చేరేది 12,50,7,25. రెండు ధరలు నాలుగయ్యాయి. 9.975 శాతం పన్ను కాస్తా 9, 975 అనే రెండు పన్నులుగా చీలిపోతుంది. ఇందులో భయపడాల్సిన విషయం ఏమిటంటే, ఎర్రర్ రాకపోవచ్చు. నాలుగూ చక్కని సంఖ్యలే కదా! టొరాంటోలో అన్ని టెస్టులూ నెగ్గిన కోడ్ మాంట్రియల్‌లో తప్పుడు బిల్లు వేస్తుంది.

"కామా బదులు నిలువు గీత పెడితే సరి", "కల్చర్‌తో సంబంధం లేకుండా మారిస్తే సరి" అంటారు కొందరు. నిజమే, సరిపోతుంది. కానీ ఆ జాగ్రత్త ప్రతి ప్రోగ్రామరూ, ప్రతి చోటా, ప్రతిసారీ గుర్తుపెట్టుకోవాలి. పైగా వస్తువులకో స్ట్రింగ్, ధరలకో స్ట్రింగ్ పంపి వరుస నంబరు ప్రకారం జత కలిపేవాళ్ళున్నారు. 2016లో వచ్చిన స్ట్రింగ్ స్ప్లిట్ ఫంక్షన్ ముక్కల్ని అదే క్రమంలో ఇస్తుందన్న హామీ లేదు. వరుస సంఖ్యని అడిగి తీసుకునే వీలు 2022 వెర్షన్‌లోగాని రాలేదు. జేసన్ కొంత నయం, అందులో దశాంశానికి చుక్కే నియమం. అయినా ఏ విలువ ఏ రకమో ప్రొసీజర్ లోపల మళ్ళీ చెప్పుకోవాలి. టేబుల్ పారామీటర్‌లో ఈ గొడవ లేదు. డెసిమల్ కాలమ్ డెసిమల్‌గానే వెళుతుంది, మధ్యలో అక్షరాల రూపం ఎత్తదు.

రెండో కారణం దూరం. స్ట్రింగ్ వద్దనుకునేవాళ్ళు ఒక్కో వరుసకి ఒక్కోసారి ప్రొసీజర్‌ని పిలుస్తారు. వాంకూవర్ నుంచి టొరాంటోకి గీత గీసినట్టు కొలిస్తే సుమారు 3,350 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి వేగం సెకనుకి దాదాపు 2 లక్షల కిలోమీటర్లు. అంటే వెళ్ళిరావడానికి ఎంత లేదన్నా 33 మిల్లీసెకన్లు. 2016లో మైక్రోసాఫ్ట్ అజ్యూర్ కెనడాలో తెరిచిన రెండు కేంద్రాలూ టొరాంటో, క్విబెక్ సిటీల్లోనే. కనుక వాంకూవర్ ఆఫీసులో నడిచే ప్రోగ్రాంకి ఈ దూరం ఊహ కాదు. 400 వరుసలు ఒక్కొక్కటిగా పంపితే 13 సెకన్లు దారి ఖర్చే! అంతసేపూ ట్రాన్సాక్షన్ తెరిచి ఉంచితే లాకులు పట్టుకుని కూర్చుంటాయి. తెరవకపోతే మధ్యలో కనెక్షన్ తెగినప్పుడు సగం ఇన్‌వాయిస్ మిగులుతుంది. టేబుల్ పారామీటర్‌తో అయితే ఒకే ప్రయాణం, ఒకే ఇన్సర్ట్. పడితే అన్నీ పడతాయి, లేకపోతే ఏదీ పడదు.

మన ఊళ్ళో కిరాణా కొట్టుకి సరుకుల చీటీ పంపినట్టే ఇది. ఉప్పుకోసారి, పప్పుకోసారి ఎవరూ పోరు. ఆ చీటీ ఎలా ఉండాలో ముందే డేటాబేస్‌లో టేబుల్ టైప్‌గా నిర్ణయిస్తాం. దానికి ప్రైమరీ కీ పెడితే ఒకే వస్తువు రెండుసార్లు రాకుండా గుమ్మంలోనే ఆగిపోతుంది. కొట్టువాడు మన చీటీని దిద్దకూడదు కూడా. ప్రొసీజర్‌లో ఈ పారామీటర్‌ని రీడ్ ఓన్లీ అని ప్రకటించి తీరాలి.

ఇక దీనిమీద ఉన్న పెద్ద ఫిర్యాదు: టైప్‌ని ఒకసారి సృష్టించాక మార్చడానికి వీల్లేదు. ఒక కాలమ్ చేర్చాలంటే దాన్ని వాడే ప్రొసీజర్లన్నీ తీసేసి, టైప్ తీసేసి, మళ్ళీ అన్నీ కట్టాలి. చిరాకే, కాదనను. కొత్త పేరుతో ఇంకో టైప్ చేసి, పాతదాన్ని నెమ్మదిగా సాగనంపడం ఒక ఉపాయం. కానీ నన్నడిగితే ఈ మొండితనం మంచికే. ప్రోగ్రాంకీ డేటాబేస్‌కీ మధ్య ఒప్పందం మారినప్పుడు అది అందరికీ తెలియాలి. స్ట్రింగ్‌లో నాలుగో ముక్క ఎప్పుడు, ఎందుకు చేరిందో ఎవరికీ తెలియదు. ఇక్కడ మనలో ఎందరో కాంట్రాక్టు మీద పనిచేస్తాం. గడువు ముగియగానే మరో క్లయింటు దగ్గరికి వెళ్ళిపోతాం. మన తర్వాత వచ్చేవాడికి ఆ టైప్ నిర్వచనమే కాగితం మీద రాసిన ఒప్పందం.

అలాగని ఇది సర్వరోగనివారిణి కాదు. దీనికి స్టాటిస్టిక్స్ ఉండవు కాబట్టి వేల వరుసలతో పెద్ద జాయిన్లు చేయాలంటే ముందు టెంప్ టేబుల్‌లోకి ఒంపుకోవడం మేలు. వెయ్యి లోపు వరుసల ఇన్సర్ట్‌కి ఇది బాగా పనిచేస్తుందని మైక్రోసాఫ్ట్ సూచన. లక్షల వరుసలకి బల్క్ కాపీ ఎలాగూ ఉంది. డేటాటేబుల్‌తో పంపేటప్పుడు కాలమ్‌లు పేర్లని బట్టి కాక వరుసని బట్టి జతపడతాయి. ధర, పన్ను రెండూ డెసిమలే అయి తారుమారైతే ఎవరూ పట్టించరు. కనీసం ఈ ఒక్కదానికీ టెస్టు రాసుకోవాలి. పది పూర్ణసంఖ్య ఐడీలు మాత్రమే పంపాలంటే కామాల స్ట్రింగ్ వల్ల కొంప మునగదు కూడా.

డబ్బుతో ముడిపడిన జాబితాలకి మాత్రం ఆ వెసులుబాటు ఇవ్వకూడదు. మీ ప్రాజెక్టులో స్ప్లిట్ అన్న మాట కోసం ఒకసారి వెతికి చూడండి. అందులో ధరలో, పన్నులో మోస్తున్న స్ట్రింగ్ ఏదైనా కనిపిస్తే, అప్లికేషన్ భాషని ఫ్రెంచికి మార్చి ఒక బిల్లు వేయించండి. దాన్ని టేబుల్‌గా మార్చాలా వద్దా అన్న చర్చ ఆ బిల్లు చూశాక పెట్టుకోవచ్చు.