అమ్మమ్మను కూడా అరకు తీసుకువెళ్లండి

సెలవులు వస్తున్నాయంటే మన కుటుంబాలు విశాఖ నుండి కొండదారి పట్టాలనుకుంటాయి. శృంగవరపుకోట, అనంతగిరి ఘాట్, అరకు, పాడేరు, చింతపల్లి, లంబసింగి, నర్సీపట్నం మీదుగా తిరిగి కిందికి. "అమ్మమ్మకు షుగరు, ఇంట్లో ఉంచేద్దామా సిస్టరుగారూ?" అని మమ్మల్ని అడుగుతుంటారు. తీసుకువెళ్లండి అనే చెబుతాము. కాకపోతే చూడవలసిన స్థలాలకంటే ముందు ఆమె భోజన వేళలు కాగితం మీద వ్రాసుకోండి. ఇన్సులిన్ చేసుకుని, టిఫిను కొండపైన తిందామనుకుంటే మలుపుల్లో వాంతులై షుగరు పడిపోతుంది. చెమటలు, వణుకు, తికమక కనిపిస్తే, స్పృహలో ఉన్నంతవరకు, వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. ఇన్సులిన్‌ను కారు అద్దం దగ్గర ఎండలో పెట్టవద్దు, ఐసుకు ఆనించవద్దు. బొంగు చికెన్ కొంచెం తిననివ్వండి, అందులో నూనె వేయరు గదా!

చీకటి పడ్డాక పొగమంచులో ఘాట్ దిగడం మాకు సమ్మతం కాదు. ఫోను కూడా చాలాచోట్ల అందదు. ఖర్చయినా అరకులో ఒక రాత్రి ఆగండి, దోమతెర వేసుకోండి. ఏజెన్సీలో మలేరియా ఉంది. తిరిగి వచ్చిన రెండు వారాలకు జ్వరం వస్తే, ప్రయాణం సంగతి మరచి ఊరికే బిళ్లలు మింగి ఆలస్యంగా వచ్చేవారిని వార్డులో చూస్తూనే ఉన్నాము. "కొండకు వెళ్లివచ్చాము" అని ఓ.పి.లో ముందే చెప్పండి, రక్తపరీక్ష ఆ రోజే చేయించవచ్చు.