పరవాన్నానికి భయం, పచ్చి చేపకు ధైర్యం

చేపలు తిన్నాక పాలు తాగితే బొల్లి వస్తుందట. ఈ మాట చిన్నప్పుడు మీరూ వినే ఉంటారు. నేను దాన్ని చివరిసారి విన్నది మాత్రం మన పల్లె అరుగు మీద కాదు. స్పెయిన్‌లో, అట్లాంటిక్ తీరాన గలీసియాలోని ఓ గ్రోవే అనే ఊళ్ళో (ఆ ‘ఓ’ కూడా ఊరి పేరులో భాగమే), సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక భోజనశాలలో. అన్నది మా వియ్యంకుడు గారు. ఇంజనీరింగ్ పట్టభద్రులు.

మాడ్రిడ్‌లో ఉద్యోగాలు చేస్తున్న మా అమ్మాయి, అల్లుడు మమ్మల్నిద్దర్నీ అక్కడికి తీసుకెళ్ళారు. ముందు వెనిగర్‌లో ఊరిన పచ్చి నెత్తళ్ళు వచ్చాయి. తర్వాత ఆవిరి మీద ఉడికించిన ఆల్చిప్పలు, నల్లటి పెంకులు విచ్చుకుని, పళ్ళెం నిండా. వియ్యంకుడు గారు అన్నిటి మీదా నిమ్మకాయ పిండి, “పులుపు తగిలితే ఏ క్రిమీ బతకదు బావగారూ, ధైర్యంగా తినండి” అన్నారు. చివర్లో పాలలో ఉడికించి దాల్చినచెక్క పొడి చల్లిన అన్నం తెచ్చారు. మన పరవాన్నానికి తోబుట్టువు. ఆయన గిన్నె పక్కకు జరిపేశారు. “చేపల మీద పాలా? వద్దు బావగారూ. పెద్దలు ఊరికే అనలేదు.”

మిత్రులారా, చూశారా? ప్రమాదం లేనిచోట భయం. ప్రమాదం ఉన్నచోట ధైర్యం. రెంటికీ ఆధారం ఒక్కటే: ఎవరో అన్నారు.

ముందు భయం సంగతి చూద్దాం. బొల్లి అంటే, శరీరపు రక్షణ వ్యవస్థ పొరబాటున చర్మానికి రంగునిచ్చే కణాల మీదే దాడి చేయడం. అది అంటువ్యాధి కాదు. చేపలు, పాలు కలిపి తినడానికీ దానికీ సంబంధం లేదు. ఉంటే, చేప తిన్న వెంటనే పాల మిఠాయి తినే స్పెయిన్ మాట అటుంచండి, చేపను పెరుగులోనే వండుకునే బెంగాలీల గతేమిటి?

ఇది నవ్వి వదిలేసే నమ్మకం కాదు. మా మేనత్త కూతురికి పద్దెనిమిదో ఏట పెదవి పక్కన తెల్లమచ్చ వచ్చింది. రెండు సంబంధాలు తప్పిపోయాయి. అది చాలదన్నట్టు, పిల్లకు చేపల కూరతో పాటు పెరుగన్నం పెట్టావని తప్పంతా తల్లి మీద వేశారు. మా మేనత్త బతికినన్నాళ్ళూ మళ్ళీ ఇంట్లో చేప వండలేదు. జబ్బు ఒకరికి, శిక్ష ఇద్దరికి.

ఇక ధైర్యం సంగతి. సముద్రపు చేపల్లో అనిసాకిస్ అనే సన్నని పురుగు ఉండవచ్చు. పచ్చిగా తింటే అది మనిషి కడుపు గోడను పట్టుకుంటుంది. వెనిగర్‌లో ఊరేసినా, నిమ్మకాయ పిండినా అది చచ్చిపోతుందన్న నమ్మకం లేదు. తగినంత వేడి కావాలి, లేదా తగినంత చలి కావాలి. అందుకే 2006లో స్పెయిన్ ప్రభుత్వం, పచ్చిగా వడ్డించే చేపను ముందుగా మైనస్ 20 డిగ్రీల దగ్గర కనీసం 24 గంటలు గడ్డకట్టించి తీరాలని నిబంధన పెట్టింది. అంటే మా వియ్యంకుడు గారిని కాపాడింది నిమ్మకాయ కాదు, ఫ్రీజరు.

ఆల్చిప్పలది ఇంకో లెక్క. గలీసియా సముద్రపు పాయల్లో మూడు వేలకు పైగా తెప్పలు కట్టి, వాటికి వేలాడే తాళ్ళ మీద వీటిని పెంచుతారు. ఇవి నీటిని వడపోసి ఆహారం తీసుకుంటాయి. కొన్ని రోజుల్లో ఆ నీటిలో విషపు సూక్ష్మ నాచు పెరుగుతుంది. సాక్సిటాక్సిన్ అనే ఆ విషానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. ఉడికించినా పోదు. నరాలను స్తంభింపజేస్తుంది. వెండి చెంచా వేస్తే నల్లబడుతుందన్న చిట్కా ఐరోపాలోనూ ఉంది. అదీ ఉత్తదే. 1976లో గలీసియా నుంచి ఎగుమతైన ఆల్చిప్పలు తిని పలు ఐరోపా దేశాల్లో జనం జబ్బుపడ్డారు.

ఇప్పుడక్కడ ప్రభుత్వ ప్రయోగశాల పాయల నీటినీ, ఆల్చిప్పలనూ క్రమం తప్పకుండా పరీక్షిస్తుంది. కిలో మాంసంలో 800 మైక్రోగ్రాముల సాక్సిటాక్సిన్ దాటితే ఆ ప్రాంతం మూత. ప్రతి సంచికీ చీటీ ఉంటుంది. సంచి విప్పి అమ్మినా ఆ చీటీని 60 రోజులు దాచాలి. స్పెయిన్ తీరంలో ఏటా జూలై 16న జాలర్లు తమ కార్మెన్ మాతను పడవెక్కించి ఊరేగిస్తారు. కానీ పాయ మూయాలో తెరవాలో ఆ మాతను అడగరు. ప్రయోగశాలను అడుగుతారు.

“తరతరాలుగా తింటున్నారు, ఏమైంది?” అని వియ్యంకుడు గారి వాదన. అయ్యా, చచ్చినవాళ్ళు సాక్ష్యం చెప్పడానికి రారు. 1981లో తమిళనాడులో ఈ విషానికే ముగ్గురు పోయారు. 1997లో కేరళలోని విళింజంలో ఏడుగురు పోయారు, వందలమంది ఆస్పత్రి పాలయ్యారు. వాళ్ళూ తరతరాలుగా తింటున్నవాళ్ళే.

నేను ముప్పై నాలుగేళ్ళు రక్షణ శాఖ పద్దులు చూశాను. ‘ఈ కాంట్రాక్టరు నమ్మకస్థుడు, వాళ్ళ తాత కాలం నుంచీ సరఫరా చేస్తున్నాడు’ అంటే ఏనాడూ బిల్లు పాస్ చేయలేదు. కాగితం చూపించమన్నాను. ఐదు వందల రూపాయల బిల్లుకు అడిగిన ఆధారం, నోట్లో పెట్టుకునే ముద్దకు, ఒక ఆడపిల్ల పెళ్ళికి అడగవద్దా? విదేశాలకు పంపే సరుకును పరీక్షించినంత శ్రద్ధగా మన చేపల బజారు సరుకును పరీక్షిస్తున్నారా అని మనం ఎప్పుడైనా అడిగామా? పాలు తాగొద్దని పిల్లల్ని అదిలించడమే తప్ప!

ఆ రోజు వియ్యంకుడు గారి గిన్నె కూడా నేనే తిన్నాను. మూడేళ్ళయింది. నా చర్మం నా రంగులోనే ఉంది. “చూశారా!” అని మాత్రం నేను అనను. ఒక్కడి అనుభవం రుజువు కాదు. అది మా వియ్యంకుడు గారికే కాదు, నాకూ వర్తిస్తుంది.