స్వాధీన భాషాయంత్రము

పత్తిమూట యింట నున్నంతమాత్రమున వస్త్రము కాదు. సోర్సుకోడు ఉచితముగ లభించినంతమాత్రమున కంప్యూటరు మన మాట వినదు. ఆ కోడును మన యంత్రముపై నిర్మించుకొని, మన పనికి చాలిన వేగముతో నడపుకొను నేర్పు కలిగిననాడే అది మనదగును.

భాషానమూనాలను గూర్చి నేడు దేశమంతట ప్రసంగములు సాగుచున్నవి. ఉత్తరములు వ్రాయుటకును, ప్రశ్నలకు బదులు చెప్పుటకును, పెద్ద పత్రములను సంక్షేపించుటకును జనులు వీని నాశ్రయించుచున్నారు. కాని మనలో పెక్కుమంది వాడుచున్నవి పరుల యంత్రశాలలలో నడచు నమూనాలే. మనము వ్రాసిన ప్రతి ప్రశ్నయు వారికడకు పోవును. బదులు అచ్చటనుండి రావలెను. ఇంటర్నెట్టు నిలిచిననాడు, వెల పెరిగిననాడు, వారి నియమములు మారిననాడు మన పని యాగిపోవును. రైతు అర్జీయు, రోగి వైద్యచీటియు, కక్షిదారు రహస్యమును పరుల గుమ్మము త్రొక్కి రావలసియుండుట గౌరవమగునా? క్షేమమైనను అగునా?

దీనికి విరుగుడు లేకపోలేదు. 2023 ఫిబ్రవరిలో అమెరికాలోని మెటా సంస్థ లామా యను నమూనాను పరిశోధకుల కొసంగెను. మరుసటి మాసముననే బల్గేరియా దేశస్థుడగు గియోర్గి గెర్గనోవ్, అట్టి నమూనాలను సామాన్యమైన కంప్యూటరుపై నడపుటకు లామా.సీపీపీ యను సాఫ్ట్‌వేరును రచించి లోకమునకు విడిచిపెట్టెను. దానిని ఎవరైనను వాడవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును. చిన్న దేశపు ఇంజనీరొకడు ప్రారంభించిన యీ కార్యమునకు నానాదేశముల ప్రోగ్రామర్లు చేయి కలిపిరి. ధనబలము లేనివారికి గూడ బుద్ధిబలముచే స్వాధీనత సాధ్యమని దీనివలన తేలినది.

ఇందలి కీలక మేమి? 700 కోట్ల సంఖ్యలుగల నమూనా నొకదానిని తీసికొందము. సంఖ్య కొక్కంటికి 16 బిట్ల చొప్పున దానికి 14 గిగాబైట్ల స్థలము కావలెను. మన పాఠశాలలలోని 8 గిగాబైట్ల కంప్యూటరున కది పట్టదు. ఈ సాఫ్ట్‌వేరునందలి యొక పద్ధతిలో, 32 సంఖ్యల నొక గుంపుగా జేర్చి, ఒక్కొక్కదానిని 4 బిట్లకు కుదించి, గుంపున కంతటికి 16 బిట్ల కొలత నొకదానిని జతపరుతురు. అప్పుడు సంఖ్యకు సగటున నాలుగున్నర బిట్లు చాలును. నమూనా యంతయు దాదాపు 4 గిగాబైట్లలో నిముడును. స్థలము కలిసివచ్చుటయే కాదు, వేగమును పెరుగును. ఏలయన, టోకెన్ అనబడు మాటముక్క నొకదానిని పుట్టించుటకు యంత్రము ఆ సంఖ్యల నన్నిటిని మెమరీనుండి చదువవలెను. రెండు మార్గములుగల 3200 వేగపు డీడీఆర్4 మెమరీ సెకనునకు 51.2 గిగాబైట్లకు మించి యందింపజాలదు. కావున 14 గిగాబైట్ల నమూనా, మెమరీ పట్టినను, సెకనునకు మూడునాలుగు ముక్కలు మాత్రమే పలుకును. 4 గిగాబైట్ల నమూనా పండ్రెండింటి వరకు పలుకగలదు. ప్రాసెసరు ఎంత గొప్పదైనను ఈ హద్దును దాటలేదు. దీని నెరుగక, కోరులకు మించి థ్రెడ్ల సంఖ్యను పెంచినచో వేగము పెరుగుటకు మారుగా తరుగుటయు కలదు.

ఇంత సౌకర్యము ఉచితముగ దొరకుచుండ, మన పట్టణములలో దీనిని నడపువా రింత యల్పముగ నుండుటకు హేతు వేమి? నిర్మాణముననే చిక్కున్నదని మా యభిప్రాయము. ఉత్సాహియగు విద్యార్థి కోడు దింపుకొనును. కంపైలరు ఏది, సీమేకు ఏది యని వెదకును. పాత పాఠములను జూచి మేక్ పద్ధతి నవలంబించును. నిర్మాతలు దానిని విడిచి సీమేకునకు మారిరన్న సంగతి యతనికి తెలియదు. ప్రోగ్రాముల పేర్లు 2024లో మారినవి; పాత పేరుతో పిలిచిన నవి పలుకవు. ఎట్టులో నిర్మించినను, రిలీజు పద్ధతికి మారుగా డీబగ్ పద్ధతి నెంచుకొన్నచో యంత్రము నత్తవలె నడచును. ఏవీఎక్స్2 వంటి ప్రత్యేకాదేశములుగల క్రొత్త ప్రాసెసరుకొరకు నిర్మించినదానిని పాత కంప్యూటరునకు గొనిపోయిన, అది ఆదేశము తెలియక తటాలున నిలిచిపోవును. నిర్మాణము త్వరపడవలెనని పనుల నన్నిటిని ఒక్కమారే ప్రారంభించిన, మెమరీ చాలక కంపైలరే కూలును. ఇట్లు రెండుమూడు దినములు వేసారినవాడు, పరుల యంత్రమే సుఖమని మరలిపోవుట వింత కాదు. స్వాధీనతకు వైరి యెల్లప్పుడును బయటివాడే కానక్కరలేదు. దారిలోని ముండ్లను ఏరని మన యలసతయు వైరియే.

ఈ ముండ్లన్నియు ఏరదగినవే. ప్రాసెసరు జాతి కొకటిగా పలు రూపములను ముందే నిర్మించి, నడచు సమయమున తగినదానిని యంత్రమే యెంచుకొను పద్ధతి యా సాఫ్ట్‌వేరునందే యున్నది. ఒకమారు కంపైలైన భాగములను దాచి, మార్పు లేనివానిని తిరిగి చేయకుండు సాధనమగు సీక్యాషును గలదు. వీనిని సమకూర్చి, ఒక్క ఆదేశముతో ముగియు నిర్మాణమును, దానికి సులభమైన తెలుగు పాఠమును సిద్ధపరచుట మన ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులకు దుష్కరము కాదు.

ఇక మన భాష మాట. తెలుగు లిపిలోని ప్రతి సంకేతమునకు యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లు పట్టును. “తెలుగు” అను పదమున గుణింతపు గుర్తులతో గూడ ఆరు సంకేతములు, అనగా 18 బైట్లు. నమూనా పదపట్టికలో మన యక్షరములు లేనిచో ఈ చిన్న పదమే 18 ముక్కలగును. సెకనునకు 12 ముక్కలు పలుకు యంత్రము ఈ యొక్క మాటకు ఒకటిన్నర సెకను తీసికొనును! తొలి లామా పట్టికలో ముక్కలు 32,000 మాత్రమే. దాని శిక్షణకై వికీపీడియానుండి గ్రహించిన 20 భాషలును లాటిన్, సిరిలిక్ లిపులవే. భారతీయభాష యొక్కటియు వానిలో లేదు. 2024లో వచ్చిన లామా 3 పట్టికను 1,28,000 ముక్కలకు పెంచిరి. అదే సంవత్సరమున వెలువడిన గూగుల్ వారి జెమ్మాలో 2,56,000 గలవు. పట్టిక పెద్దదైనంతమాత్రమున అందు తెలుగున కెంత చోటు దక్కినదో తెలియదు గదా! కావున సెకనునకు ఎన్ని టోకెన్లని కొలిచి సంతసించుట మనకు చాలదు. తెలుగు పుట నొకదానిని ఎన్ని ముక్కలు చేయుచున్నదో, నిమిషమునకు ఎన్ని తెలుగుమాటలు వ్రాయుచున్నదో, ఆ మాటలలో తప్పులెన్నియో కొలువవలెను. కుదింపుచే కలుగు నష్టమును గూడ ఆంగ్లవాచకముతో గాక తెలుగువాచకముతో పరీక్షింపవలెను.

మగ్గము మనదైనను నూలు పరులదే గదా యని కొందరాక్షేపింతురు. నిజమే. నమూనాలు నేటికిని అధికముగ విదేశసంస్థలవే. ఇంట నడచు చిన్న నమూనాలు పెద్దవానితో సరిదూగవు. తెలుగున తప్పులును వ్రాయును. స్వదేశీయమగు నమూనాలు, గణనయంత్రములు మున్నగువానికై కేంద్రప్రభుత్వము 2024 మార్చిలో దాదాపు 10,372 కోట్ల రూపాయల పథకమును అంగీకరించినది. ఆ నూలు వచ్చుగాక. వచ్చునాటికి మగ్గము నెరిగిన నేతగాడు లేకున్న ఫలమేమి? నేడు పరుల నమూనాతోనైనను నిర్మాణమును, కొలతను, మరమ్మతును నేర్చినవాడే రేపు స్వదేశీయమును నడపగలవాడు. పెద్ద నమూనా కావలసిన పనికి దానిని వాడుట తప్పు కాదు. ఇంట చేసికొనగల పనికి గూడ చేయి చాచుటయే తప్పు.

1914లో బెజవాడలో తొలి ఆంధ్రదేశ గ్రంథభాండాగారుల మహాసభ జరిగినప్పుడు, పుస్తకము ధనికుని బీరువాలో గాక సామాన్యుని చేతిలో నుండవలెనని మన పెద్దలు సంకల్పించిరి. ఆ సంకల్పమునకు నేటి రూప మిది. ప్రతి పట్టణ గ్రంథాలయమునందును ఉన్న కంప్యూటరునే యొకదానిని యీ పనికి కేటాయింపవచ్చును. సమీపకళాశాల విద్యార్థు లిద్దరు ముగ్గురు దానిపై సాఫ్ట్‌వేరును నిర్మించి, యెచ్చట చిక్కెనో, యెట్లు తీరెనో, తెలుగున వేగ మెంతయో ఒక పుస్తకమున వ్రాసి బల్లపై నుంచవలెను. తరువాత వచ్చువా డా పుట చదివి యొక దినము కలిసివచ్చెనని సంతసించును. కనుగొన్న లోపమును మూలనిర్మాతలకు దెలిపిన, దాని ఫలము లోకమున కంతకును దక్కును.

ఇది మహాసభలతో, తీర్మానములతో కాదగిన పని కాదు. ఒక కంప్యూటరు ముందు ఓపికతో కూర్చుండి చేయదగినది. మన పట్టణపు యువకులు ఈ వేసవి సెలవులలోనే దీనికి పూనుకొందురుగాక.